బావురు పిల్లి కోసం ప్రార్థన

"టీలో ఈసారి అల్లం తగ్గించు, మొన్న ఘోష్‌బాబుకి గొంతు మండిందట" అని గుమ్మంలోంచే చెప్పి ముందు గదిలోకి వెళ్ళిపోయాడు మా ఆయన వినయ్. ఘోష్‌బాబు గొంతు గురించి ఇంత శ్రద్ధ ఉన్న మనిషి ఈ పదహారేళ్ళలో నా గొంతు గురించి ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అల్లం తగ్గించాను.

ముందు గదిలో కూర్చున్నది జీల్ రక్షణ కమిటీ. ప్రతి శనివారం సాయంత్రం మా ఇంట్లోనే కూర్చుంటుంది. మా మేడ మీది నుంచి జీల్, అంటే చెరువు, అంతా కనిపిస్తుంది కాబట్టి ఇక్కడే కలవాలని మొదటి మీటింగులో తీర్మానం చేశారట. నాకు తెలిసిన కారణం వేరు. పద్నాలుగు మందికి అడగకుండానే టీ పెట్టి, బిస్కెట్లు సర్ది, వాళ్ళు వెళ్ళాక కప్పులు కడిగి చాపలు దులిపే మనిషి మిగతా ఇళ్ళలో అంత తేరగా దొరకలేదు.

ఈ బెంగాలీ మహానగరంలో ఏక్‌బాల్‌పూర్ దాటి మెటియాబ్రుజ్ వైపు వెళ్ళే దారిలో, ఓడలాగే డాక్ గోడకి ఇవతల ఉంటుంది మా ఇల్లు. మా ఆయన తాతగారు టెక్కలి దగ్గర్నుంచి ఓడల్లో బస్తాలు మోయడానికి వచ్చి కట్టుకున్న రెండు గదులు, పైన మేడ. ఇంటి వెనకే జీల్. ఎప్పుడో గోదాముల కోసం మట్టి తవ్వుకుని వదిలేసిన గుంట వానలకి నిండి, అంచుల్లో మనిషెత్తు జమ్ము పెరిగి, కొంగలకీ పాములకీ నీటికోళ్ళకీ నీడైంది. దాన్ని పూడ్చి మూడు టవర్లు కడతామని ఒక కంపెనీ వచ్చింది. రెండేళ్ళ కిందట రిటైరైన జీవశాస్త్రం టీచరు మాలబికా ది (ఇక్కడ అక్కని ‘ది’ అంటారు) ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని పోగుచేసి ఈ కమిటీ పెట్టింది. మా ఆయన డాక్ ఆఫీసులో గుమాస్తా, ఇంగ్లీషు ఉత్తరాలు బాగా రాస్తాడు కాబట్టి కార్యదర్శి అయ్యాడు. మా తెలుగు చర్చికీ ఆయనే కార్యదర్శి. ఇంట్లో మాత్రం దేనికీ కార్యదర్శి కాదు.

జీల్‌లో ఏముందో మొదట చూసింది నేను. తెల్లవారుజామున ఐదింటికి కుళాయి వస్తుంది. బిందెలు నింపి, బియ్యం కడిగి, మా నిషాకి టిఫిన్ డబ్బా సర్ది, వెలుగు రాగానే మేడెక్కుతాను. మెటియాబ్రుజ్‌లో పిల్లల గౌన్లు కుట్టించే ఒక పెద్దాయన మూటలు పంపిస్తాడు, వాటికి బొత్తాలు కుట్టాలి. కింద గదిలో ట్యూబ్‌లైటు వేస్తే మా ఆయన నిద్ర పాడవుతుంది. అందుకని మేడ మీద పిట్టగోడకి ఆనుకుని కుట్టుకుంటాను. అలా ఒకరోజు జమ్ములోంచి పొట్టి కాళ్ళ జంతువొకటి వచ్చి, నీటి అంచున కదలకుండా కూర్చుని, ఒక్కసారి పంజా విసిరి చేపని లాగింది. బూడిద రంగు ఒంటి మీద నల్ల చుక్కలు. భీమిలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో మడ చెట్ల మధ్య చిన్నప్పుడు చూశాను దాన్ని. బావురు పిల్లి. ఇక్కడి వాళ్ళు బాఘ్‌రోల్ అంటారు. ఆ వేళ నుంచి నిషా పాత నోట్‌బుక్ వెనక పేజీల్లో తేదీ వేసి రాసుకుంటూ వచ్చాను. ఏ మూల నుంచి వచ్చింది, ఎంతసేపు కూర్చుంది, ఎటు పోయింది.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అడిగేవాడు, ఈ వారం ఏం కనిపించిందని. నేను చెప్పేదాన్ని. శనివారం కమిటీలో "మేము గమనించిందేమిటంటే" అని మొదలుపెట్టి అదంతా చదివేవాడు. నేను కప్పులు పట్టుకుని గుమ్మంలో నిలబడి నా పొద్దులన్నీ ఆయన నోట వినేదాన్ని. ఒకసారి కొంగ పేరు తప్పు చెప్తుంటే సరిచేశాను. అందరూ నవ్వారు. వాళ్ళు వెళ్ళాక, "నలుగురిలో నన్ను తక్కువ చేస్తే నీకేటి వస్తాది" అని అడిగాడు. ఏమీ రాదు. నాకు ఏదైనా వస్తుందని నేనూ అనుకోలేదు.

మాలబికా దికి మాత్రం అనుమానం వచ్చింది. డాక్ ఆఫీసుకి తొమ్మిదింటికి లేచి పరిగెత్తే మనిషికి తెల్లవారుజాము ఐదున్నర సంగతులు ఎలా తెలుస్తున్నాయని. ఒక శనివారం ఖాళీ కప్పు ఇచ్చే నెపంతో వంటింట్లోకి వచ్చి, నోట్‌బుక్ చూపించమంది. తెలుగు అక్షరాలు చూసి నవ్వి, నాచేత బెంగాలీలో చెప్పించుకుని గబగబా రాసుకుంది. ఆ తర్వాత నుంచి మా ఇద్దరికీ ఒక వేరే కమిటీ ఏర్పడింది. ఆమె తెచ్చిన చిన్న కెమెరాని ఎక్కడ కట్టాలో నేను చెప్పాను. ఈ ఫాల్గుణంలో పాత పంపు గది వెనక జమ్ములో, తల్లి పిల్లినీ రెండు కూనల్నీ ఫొటో తీసింది ఆ కెమెరా. కూనలు ఇంకా తూలుతూ నడుస్తున్నాయి. మాలబికా ది నా చేతులు పట్టుకుంది. రెండు వారాల్లో, సోమవారం నాడు, అటవీ శాఖ వాళ్ళు చూడ్డానికి వస్తున్నారని చెప్పింది. ఇక్కడ పిల్లల్ని పెడుతున్నట్టు కళ్ళారా చూస్తే పూడ్చడానికి అనుమతి ఆగిపోతుంది. అప్పటిదాకా ఆ చోటు మనిద్దరికే తెలియాలి, కమిటీలో కూడా ఎవరికీ చెప్పకు అంది. నేను మా ఆయనకి చెప్పలేదు. పదహారేళ్ళలో ఆయనకి చెప్పకుండా దాచుకున్న మొదటి సంతోషం అది.

కానీ బుధవారం వచ్చింది. బుధవారం మధ్యాహ్నం మా చర్చి స్త్రీల సమాజం ఎవరో ఒకరి ఇంట్లో ప్రార్థనకి కూడుతుంది. ప్రార్థనకి ముందు ఒక్కొక్కరూ తమ ప్రార్థనాంశం చెప్పాలి. సమాజం సెక్రటరీ కృష్ణకుమారి అక్క అవన్నీ ఒక కాగితం మీద రాస్తుంది. నా వంతు వచ్చినప్పుడల్లా నేను చెప్పినవి ఇవి: మా ఆయన ప్రమోషన్, మా అత్తగారి మోకాళ్ళు, నిషా పరీక్షలు, మా ఆడపడుచు కాన్పు. నాకోసం నేనేమీ అడిగినట్టు గుర్తు లేదు. ఆ బుధవారం నాకేమైందో, ఒళ్ళంతా సంతోషంగా ఉంది, ఎవరికైనా చెప్పకపోతే ఉండలేనట్టుగా ఉంది. దేవుడి దగ్గర చెప్తే తప్పేముంది అనుకున్నాను. పాత పంపు గది వెనక జమ్ములో బావురు పిల్లి రెండు కూనల్ని పెట్టింది, వాటిని కాపాడమని ప్రార్థన చెయ్యండి అన్నాను. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. కృష్ణకుమారి అక్క నవ్వకుండా రాసుకుంది. పాస్టరమ్మ గారు మా అత్తగారి మోకాళ్ళ తర్వాత పిల్లి కూనల్ని కూడా దేవుడికి అప్పగించారు.

శుక్రవారం పొద్దున ఏడింటికి గడ్డి కోసే యంత్రం వచ్చింది. జీల్ చుట్టూ అంత జమ్ము ఉంటే, దేన్నీ ముట్టుకోకుండా తిన్నగా పంపు గది వెనక్కే పోయింది. కుడుతున్న గౌను వదిలేసి మెట్లు దిగి పరిగెత్తేసరికి అంతా నేలమట్టం. తల్లి పిల్లి ఒక కూనని నోట కరుచుకుని గోడ మీదుగా పోవడం చూశాను. రెండోదాని కోసం తిరిగి రాలేదు. నరికిన జమ్ములో మధ్యాహ్నం దాకా చేతులతో వెతికాను. ముంజేతులు గీరుకుపోయాయి. కూన దొరకలేదు. బొత్తాల మూట ఆలస్యమైందని పెద్దాయన మనిషి వచ్చి నాలుగు మాటలని పోయాడు, అవీ పడ్డాను.

మాలబికా ది ఎవరికైనా చెప్పావా అని ఒక్కమాట అడిగింది. చెప్పాను. ప్రార్థనలో చెప్పానన్నాను. ఆమె నా ముఖం వంక చూసి, "ప్రార్థనలోనా" అని మళ్ళీ అడిగింది. శనివారం కమిటీలో మా ఆయన అందరి ఎదుటా విచారంగా తల ఊపాడు. మాలబికా ది అటవీ శాఖకి పంపిన ఫొటో ఇక్కడిది కాదని కంపెనీ వాళ్ళు అంటున్నారనీ, ఇప్పుడు చూపించడానికి గూడు కూడా లేదనీ చెప్పాడు. అందరూ వెళ్ళాక నాతో, "పదిమంది ఆడోళ్ళలో చెప్తే పది వీధుల్లో చెప్పినట్టే. నీ నోరు నీ దగ్గర ఉండదు. ఇకమీదట కమిటీ సంగతుల్లోకి రాకు, టీ ఇచ్చేసి లోపలికి పో" అన్నాడు. నిజమే కదా అనుకున్నాను. రెండు రాత్రులు అదే అనుకుని, కూనని నా నోటితో నేనే చంపుకున్నానని ఏడ్చాను. ఇప్పుడు అది తలుచుకుంటే కూన కోసం ఎంత ఏడుపొస్తుందో, ఆయన మాట నమ్మినందుకు అంత ఒళ్ళు మండుతుంది.

సోమవారం బట్టలు నానబెడుతున్నాను. మా ఆయన బట్టల జేబులు వెతికి పెట్టడం నా పని. గళ్ళ చొక్కా జేబులో మడిచిన కాగితం ఉంది, కృష్ణకుమారి అక్క దస్తూరీ. ప్రార్థనాంశాల కాగితం చర్చి కార్యదర్శికే చేరుతుంది, ఆదివారం ఆరాధనలో చదవడానికి. అది ఆయన దగ్గర ఉండటంలో వింత లేదు. వింత ఏమిటంటే, నా ప్రార్థనాంశం పక్కన పెన్సిలుతో ఒక చిన్న పటం గీసి ఉంది. జీల్, గోడ, పంపు గది, దాని వెనక ఒక గుండ్రం. కింద ఇంగ్లీషులో ఆయన చేతిరాతతో ఒక ఫోన్ నంబరు.

మా ఆయనకి తెలుగు చదవడం రాదు. ఇక్కడే పుట్టి బెంగాలీ బడిలో చదువుకున్నాడు. ప్రతి శనివారం రాత్రి మా అత్తగారు విజయ కుమారి గారు ఆ కాగితం చదువుతుంటే, ఆయన ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని ఆదివారం చర్చిలో తెలుగు చదువుతున్నట్టే చదువుతాడు. తడి చేతులతోనే కాగితం పట్టుకెళ్ళి అత్తగారిని అడిగాను, ఇది ఎప్పుడు చదివారని.

"గురువారం నాడే సదవమన్నాడే. ఈ పిల్లి సంగతి రెండు మాట్లు సదివించుకున్నాడు. ఏటే, ఏటైంది?"

ఏమైందో చెప్పాను. పటం చూపించాను. ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఆడు అడిగాడు, సదివాను. నాకేటి తెలుసు" అని గోడ వైపు తిరిగి పడుకున్నారు. నా కాఫీ నుంచి నా నడక దాకా అన్నిటికీ ఒక వంక పెట్టే మనిషి, ఆ రోజు కూరలో ఉప్పు లేకపోయినా మాట్లాడకుండా తిన్నారు.

సాయంత్రం మా ఆయన రాగానే కాగితం ముందు పెట్టాను. కాదంటాడనుకున్నాను. చేతులు కడుక్కుని, తువ్వాలు భుజాన వేసుకుని, తాపీగా కూర్చున్నాడు. కంపెనీ వాళ్ళు మన చర్చి మీద హాలు కట్టిస్తామన్నారట, లిఫ్టుతో సహా. ముసలివాళ్ళు మెట్లెక్కక్కరలేదట. రాతి పలక మీద కార్యదర్శి పేరు కూడా ఉంటుందట. మన ఇంటి వెనక దారి వెడల్పు చేస్తారు, అప్పుడు మనం మేడ మీద నిషాకి ఒక గది వేసుకోవచ్చు అన్నాడు. నిషా వంటింట్లో, గ్యాసు పొయ్యి పక్కన కూర్చుని చదువుకుంటుంది. ఆ గది నాకు అక్కర్లేదని ఎలా అనగలను? ఎన్ని పొద్దులు అదే మేడ మీద కూర్చుని ఆ గదికి కిటికీ ఎటు పెట్టాలా అని నేనూ అనుకున్నదాన్నే.

"పిల్లులు ఇంకో చోటుకి పోతాయి. మనం ఎక్కడికి పోతాం, చెప్పు" అన్నాడు.

మరి నన్నెందుకు ఏడిపించావు అని అడిగాను. నీ నోరు నీ దగ్గర ఉండదని ఎందుకన్నావు, రెండు రాత్రులు నేను పక్కనే ఏడుస్తుంటే అటు తిరిగి ఎలా పడుకున్నావు అని అడిగాను. "ఛాడో, వదిలెయ్, అయిపోయిందేదో అయిపోయింది" అన్నాడు. ఇంకా చెప్పవలసిన అసలు సంగతి మిగిలే ఉంది. వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత చర్చిలో నలభై కుటుంబాల చేత ఒక ఉత్తరం మీద సంతకాలు పెట్టిస్తున్నాడు. ఇక్కడ అడవి జంతువులేవీ లేవు, మేమెప్పుడూ చూడలేదు, టవర్లకి మాకు అభ్యంతరం లేదు అని. సోమవారం అటవీ శాఖ వాళ్ళ చేతిలో అదే పెడతారు. కమిటీ కార్యదర్శే అలా రాసిచ్చాక మాలబికా ది ఫొటోని ఎవరు నమ్ముతారు? ఆదివారం కంపెనీ మనిషి కూడా వస్తాడనీ, స్త్రీల సమాజం తరఫున హాలు కోసం నేను లేచి సాక్ష్యం చెప్పి కృతజ్ఞత తెలపాలనీ, పాస్టరు గారికి అప్పుడే నా పేరు ఇచ్చేశాననీ చెప్పాడు. "రెండు మాటలు చాలు. అందరికీ నువ్వు మాతోనే ఉన్నావని తెలియాలి" అన్నాడు.

ఆ వారమంతా నేను మామూలుగానే ఉన్నాను. ఎప్పటిలాగే వండాను, కడిగాను, కుట్టాను. లోపల మాత్రం క్షణం తెరిపి లేదు. కమిటీ అంటే నాకూ ఎంతో గౌరవం ఉండేది. మేడ మీద నేను చూసింది కింద గదిలో మగవాళ్ళ నోట తీర్మానమైతేనే దానికి విలువ వస్తుందని నేనూ నమ్మాను. టీ ఇవ్వడం కూడా జీల్‌ని కాపాడటంలో భాగమే అనుకున్నాను. మా ఆయన మోసం చేశాడని ఎంత కోపమో, ఆ మోసానికి రెండేళ్ళపాటు నేనే సరుకు అందించానని అంత కోపం. గురువారం తెల్లవారుజామున తల్లి పిల్లి మళ్ళీ కనిపించింది, కూన కూడా. ఎక్కడ చూశానో నోట్‌బుక్‌లో రాయలేదు. శనివారం కమిటీ కూర్చుంటే టీ పెట్టకుండా మాలబికా ది ఇంటికి వెళ్ళి, సోమవారం అధికారుల ముందు నేనే మాట్లాడతానని చెప్పాను. అంతకుముందు ఆదివారం ఉంది అని కూడా చెప్పాను.

మా చర్చిలో సర్వసభ్య సమావేశాలు జరిగితే ఆడవాళ్ళం చాపలు పరిచి వెనక కూర్చుంటాం, మాట్లాడం. కానీ ఆరాధనలో సాక్ష్యం చెప్పే సమయం అందరిదీ. ఆడదైనా, పసిదైనా, కొంగు తల మీద కప్పుకుని లేచి నిలబడ్డాక మధ్యలో ఆపడం ఉండదు. పాస్టరు ఆదాము గారు కూడా ఆపరు. ఆదివారం ఆయన నా పేరు పిలిచారు. ముందు వరసలో కంపెనీ మనిషి, పక్కన మా ఆయన. ఆయన నా వంక చూసి చిన్నగా నవ్వాడు కూడా.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు" అన్నాను. "హాలు కోసం కృతజ్ఞత చెప్పమన్నారు నన్ను. నేను చూసింది చెప్తాను. రెండేళ్ళుగా మన జీల్‌లో బావురు పిల్లిని చూస్తున్నాను. పంపు గది వెనక దాని రెండు కూనల్ని ఫొటోలో చూశాను. వాటి కోసం ప్రార్థన చెయ్యమని సమాజంలో అడిగాను. ఆ ప్రార్థన కాగితం మీద పటం గీసి కంపెనీకి చోటు చెప్పింది మా ఆయన. ఒక కూన పోయింది. ఇక్కడ జంతువులు లేవని ఈ పూట మీ చేత సంతకం పెట్టించుకుంటారు. అది అబద్ధం. దేవుడి మందిరంలో నిలబడి చెప్తున్నాను, అబద్ధం."

కృష్ణకుమారి అక్క తన కాగితాల పుస్తకాన్ని గుండెకి హత్తుకుని కూర్చుంది. మా ఆయన లేచి, ఆమెకి ఈమధ్య ఒంట్లో బాగుండటం లేదు, నిద్ర ఉండటం లేదు, తనే చెప్పుకుని తనే ఏడుస్తోంది అన్నాడు, ఎంతో దయగా. ఇద్దరు పెద్దమనుషులు పాపం అన్నట్టు తలలూపారు. అదే అదనుగా ఆయన వాళ్ళమ్మ వైపు తిరిగి చేత్తో సైగ చేశాడు. సాక్ష్యం మరీ సాగినప్పుడు మా చర్చిలో చేసేది అదే, ఎవరూ ఆపరు, పాట ఎత్తుతారు. పాట మొదలయ్యిందంటే నిలబడ్డ మనిషి కూర్చోవాల్సిందే. నలభై ఏళ్ళుగా పాట ఎత్తేది మా అత్తగారు.

ఆవిడ బెంచీ పట్టుకుని, నొప్పి మోకాళ్ళ మీద నెమ్మదిగా లేచారు. అందరూ పాటల పుస్తకాలు తెరిచారు. నేను కూర్చోబోయాను.

"గురువారం ఆ కాయితం మావోడికి సదివి ఇనిపించింది నానే" అన్నారు మా అత్తగారు. "పాట తరవాత. ముందు నా కోడల్ని పూర్తిగా సెప్పనీండి."